తడి వేలి పరీక్ష

మా డీఎడ్ కాలేజీలో సైకాలజీ చెప్పిన సారు పోయిన నెల చనిపోయాడు. కబురు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పదకొండో రోజుకు ఒక చిన్న పుస్తకం వేద్దామని, శిష్యులంతా సారు గురించి తలా ఒక పేజీ రాసి పంపాలని బ్యాచ్ లీడరు పెట్టాడు. ఏం రాయాలో తోచడం లేదని నలుగురైదుగురు అడిగితే, సాయంత్రానికల్లా అతనే ఒక నమూనా కూడా పెట్టాడు. "సారు మాకు నిజాయితీ నేర్పిన దేవుడు" అని మొదలవుతుంది అది. మర్నాడు పొద్దుటికి ఇరవై ఆరు మంది తమ తమ పేజీలు పంపారు. ఇరవై ఆరూ "సారు మాకు నిజాయితీ నేర్పిన దేవుడు" అనే మొదలయ్యాయి. ఒకతను నమూనా అడుగున ఉన్న "ఇక్కడ మీ పేరు రాయండి" అన్న మాటను కూడా తీయకుండా పంపాడు.

ఆయన శిష్యులు కాకపోతే ఇంత శ్రద్ధగా ఎవరూ చేయలేరు.

నేను పంపలేదు. రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు, పిల్లవాడికి జ్వరమని అబద్ధం చెప్పాను. వాడు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఇది ఆ పుస్తకానికి పనికిరాదు.

ఆయన్ని తలుచుకుంటే మొహం కన్నా ముందు కుడిచేతి బొటనవేలు గుర్తొస్తుంది. అది ఎప్పుడూ నీలంగా ఉండేది. గోరు చుట్టూ, గోరు కింద, వేలి గీతల్లో సిరా ఇంకిపోయి ఉండేది. మేం రాసిన రికార్డు పుస్తకం తీసుకెళ్లి ఆయన ముందు పెడితే, ముందు దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని సొరకాయ బరువు చూసినట్టు రెండుసార్లు ఎగరేసేవాడు. బరువు నచ్చితే మధ్యలో ఎక్కడో ఒకచోట తెరిచేవాడు. ఎప్పుడూ మొదటి పేజీ కాదు, చివరి పేజీ కాదు. అప్పుడు బొటనవేలు నాలుక మీద పెట్టి తడి చేసుకుని, ఒక అక్షరం మీద నొక్కి కిందికి లాగేవాడు. సిరా అంటుకుని అక్షరం అలుక్కుపోతే తల ఊపేవాడు. అంటే చేత్తో రాశాం, పాసయ్యాం. అలుక్కుపోకపోతే అది జిరాక్సో ప్రింటో అన్నమాట. ఇక ఆ రోజు కాలేజీ అంతా ఆయన గొంతు వినపడేది.

బాల్ పెన్నుతో రాస్తే అలుక్కోదు. అందుకని మా కాలేజీలో అందరూ ఇంకు పెన్నుతోనే రాయాలి. రికార్డులు ఇచ్చే నెలలో పాత బస్టాండు దగ్గరి దుకాణాల్లో ఇంకు సీసాలు దొరికేవి కావు. ప్రతి రికార్డులోనూ మధ్యలో ఎక్కడో ఒక అక్షరం మీద ఒక నీలం మరక ఉండేది. మేం దాన్ని గొప్పగా ఒకరికొకరం చూపించుకునేవాళ్లం.

ఆ రెండేళ్లలో ఆయన ఒక్క రికార్డులో ఒక్క వాక్యం చదవగా నేను చూడలేదు.

కాలేజీ మొదటి రోజున ఆయన నిజాయితీ గురించి గంటసేపు మాట్లాడేవాడు. మా ముందు బ్యాచ్ అమ్మాయి ఒకతె నా పక్కన కూర్చుని, ఆయన అనబోయే మాటను ఆయన కంటే ఒక క్షణం ముందు నా చెవిలో అనేది. ఇప్పుడు కళ్లద్దాలు తీస్తాడు చూడు, అనేది. తీసేవాడు. ఇప్పుడు నీళ్లు తాగుతాడు చూడు. తాగేవాడు. "మీ చేతుల్ల రేపటి పిల్లలున్నరు, దొంగ చదువు చదివి ఆళ్ల ముందట నిలబడకున్రి" అనేటప్పుడు ఆయన గొంతు వణికేది. మరుసటి ఏడాది కొత్త బ్యాచ్ వెనక నిలబడి నేనూ విన్నాను. అదే చోట వణికింది.

ఆయన దృష్టిలో దొంగతనమంటే ఒక్కటే, జిరాక్సు. గజ్వేల్ వైపు నుంచి వచ్చే ఒకబ్బాయి ఓసారి జిల్లా పటం జిరాక్సు తీయించి రికార్డులో అతికించాడు. వేలు తడి చేసి రుద్దితే మరక పడలేదు. ఆయన ఆ పటాన్ని పీకి నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఆ అబ్బాయి చొక్కా జేబులోనే కుక్కాడు. "గీ చెత్త కాలేజీల పడెయ్యకు, ఇంటికి తీస్కపో" అన్నాడు. ఆ అబ్బాయి ఆ రాత్రి అదే జిరాక్సు మరో ప్రతి తెచ్చుకుని, అద్దం కింద బల్బు పెట్టి, పైన తెల్ల కాగితం పరిచి గీత మీద గీత గీసుకొచ్చాడు. తడి వేలికి మరక పడింది. సారు క్లాసులో ఆ పటాన్ని ఎత్తి చూపించి, కష్టమంటే ఇది అన్నాడు.

ఆయన గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. ప్రతి ఏడాదీ బాగున్న రికార్డుల్ని, అంటే బరువున్నవాటిని, ఆయన అందులో దాచేవాడు. వాటిని మోడల్ రికార్డులు అనేవాళ్లం. బడుల్లో టీచింగ్ ప్రాక్టీసు మొదలవగానే బీరువా తెరిచి తలా ఒకటి ఇచ్చేవాడు. మేం వరండాలో వరసగా కూర్చుని వాటిని మొదటి నుంచి చివరి దాకా దింపేవాళ్లం. ఇది కాపీ కాదా సార్ అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అయినా జవాబు మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "చూసి రాసుడు వేరు, కాపీ కొట్టుడు వేరు. నీ చెయ్యి నొచ్చిందా లేదా? నొస్తే గది నీదే." మేం నమ్మాం. నిజంగానే చెయ్యి నొచ్చేది.

అన్నిట్లో పెద్దది కేస్ స్టడీ. ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో ఏదో ఇబ్బంది ఉన్న ఒక పిల్లనో పిల్లవాణ్నో ఎంచుకుని, కొన్నాళ్లు దగ్గరగా చూసి, ఇంటికెళ్లి మాట్లాడి, ఆ ఇబ్బంది ఏమిటో, ఎందుకొచ్చిందో, ఏం చేస్తే పోతుందో రాయాలి. ఒక ప్రతి కాలేజీకి, ఒక ప్రతి ఆ బడికి. రెండూ చేత్తో రాసినవే. నా స్నేహితురాలు ఒకతె ఆయన దగ్గరికెళ్లి, తను చూస్తున్న పిల్లవాడు బాగా చదువుతున్నాడని, అందరితో ఆడుకుంటున్నాడని, రాయడానికి ఏమీ కనపడడం లేదని చెప్పింది. ఆయన జాలిగా చూశాడు.

"సమస్య లేని పిల్లగాడు కేస్ స్టడీకి పనికిరాడు బిడ్డా. బీరువల సమస్య ఉన్నది, తీస్కొని పేరు మార్చి రాస్కో."

"ఎవరి పేరు పెట్టాలె సార్?"

"రిజిస్టర్ల చూసి ఏదో ఒకటి ఎయ్యి. పేర్లకు కరువా?"

నేను మాత్రం నిజంగా రాశాను. ఇప్పుడు ఆ మాట గర్వంగా చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. మిరుదొడ్డి బడిలో నాలుగో తరగతి పాప ఒకతె పక్కవాళ్ల పెన్సిళ్లు, రబ్బర్లు తీసేది. ఇరవై రోజులు ఆ పాపనే చూశాను. తనతో పాటు ఇంటికి నడిచివెళ్లాను. తండ్రి భీవండీలో మగ్గాల పనికి పోయాడు. తల్లి గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతూ నాతో మాట్లాడింది. మంచం కింద రేకు డబ్బాలో ఆ పెన్సిళ్లు ఉన్నాయి, పొట్టివి ఒకవైపు, పొడుగువి ఒకవైపు పేర్చి. ఒక్కదానితోనూ పాప రాయలేదు. ఇవన్నీ రాశాను. "అడిగితే నేల చూస్తుంది తప్ప అబద్ధం చెప్పదు" అని రాసి, ఆ వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను. "పిల్లల వైపు చూసే తీరిక ఈ తల్లికి లేదు" అని కూడా రాశాను. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. గంటసేపు చూసిన ఒక మనిషి గురించి అంత మాట రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

సారు రికార్డును అరచేతిలో ఎగరేశాడు. వేలు తడి చేశాడు. మరక పడింది. కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, దీన్ని బీరువాకు ఇస్తావా అని అడిగాడు. ఇచ్చాను. పాప పేరు కొట్టేయాలని కూడా తోచలేదు. ఇంటికెళ్లి నాయినకు చెప్పాను, నా రికార్డు మోడల్ అయిందని. నాయిన ఇంటి చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పాడు.

తర్వాత డిగ్రీ కట్టి పాసయ్యాను. టీచరు ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాశాను, రాలేదు. పెళ్లయింది, బాబు పుట్టాడు. మా ఆయన ప్రజ్ఞాపూర్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో పని చేస్తాడు, రోజూ ఏడింటి బస్సుకు ఇంటికి వస్తాడు. బాబు ఇప్పుడు మా కాలనీ బడిలో రెండో తరగతి. తక్కువ మాట్లాడతాడు. ఏదైనా అడిగితే వెంటనే జవాబివ్వడు, కాసేపు ఆగి చెప్తాడు. ఆ కాసేపట్లో నా ప్రాణం పోయి వస్తుంది. వీడికి అర్థం కాలేదా, వినపడలేదా, పక్కింటి పిల్ల ఈ వయసుకే ఎంత గలగలా మాట్లాడుతోంది అని రోజుకు నాలుగుసార్లు అనుకుంటాను. అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకుంటాను.

ఈ వానాకాలంలో వాడు ఒక కొత్త పని మొదలుపెట్టాడు. బడి నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా నా ముందు సంచీ బోర్లించేవాడు. పుస్తకాలు, పెన్సిలు, అన్నం డబ్బా, అన్నీ నేల మీద పడేవి. నేను చూసేదాకా అక్కడే నిలబడేవాడు. ఆట అనుకున్నాను. వారం తర్వాత విసుక్కున్నాను కూడా.

పదో రోజున బడి పెద్ద మేడం నన్ను పిలిపించింది. మంచావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. కూర్చోమని, నీళ్లు ఇప్పించి, ఎటో చూస్తూ అడిగింది.

"బాబు వాళ్ల బాపు భీవండీల ఉంటడా అమ్మా? అడ్మిషన్ల ప్రజ్ఞాపూర్ అని రాసిన్రు."

నాకేమీ అర్థం కాలేదు. ఆమె అట్ట వేసిన పుస్తకం ఒకటి నా వైపు జరిపింది. బడికి ప్రాక్టీసుకొచ్చిన ట్రైనింగ్ అమ్మాయి రాసిన కేస్ స్టడీ. మీద మా బాబు పేరు. ఈ బాలుని తండ్రి భీవండీలో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతుంది, బాలుడు ఇతరుల వస్తువులు అడగకుండా తీసుకుంటాడు. అది చదివిన క్లాసు టీచరు, ఒక పిల్ల రంగు పెన్సిళ్ల డబ్బా పోయిందని ఏడ్చిన రోజున, నలభై మంది ముందు మా వాడి సంచీ ఒక్కటే దులిపించింది. తర్వాత ఎవరి వస్తువు కనపడకపోయినా ముందు వీడినే లేపేది. ఆ డబ్బా ఆ పిల్ల ఇంట్లోనే దొరికింది. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నేను దాచకుండా రాయాలి. ఆ పేజీలు చదువుతూ ఒక నిమిషం పాటు నేను నమ్మాను. భీవండీ తప్పు, బీడీలు తప్పు, అయినా నమ్మాను. వీడు మాట్లాడడు కదా, లోపల ఏముందో నాకేం తెలుసు అనుకున్నాను. ఇంటికెళ్లి మంచం కింద చూడాలనుకున్నాను. అప్పుడు ఆ వాక్యం కనపడింది. అడిగితే నేల చూస్తుంది తప్ప అబద్ధం చెప్పదు.

చూస్తుంది అనే ఉంది. చూస్తాడు అని మార్చడం మర్చిపోయింది. తర్వాతి పేజీలో మా బాబు జడ వేసుకోకుండా బడికి వస్తున్నాడని కూడా ఉంది. ఆ కింద, పిల్లల వైపు చూసే తీరిక ఈ తల్లికి లేదు. నా మాటలే. పన్నెండేళ్ల కింద ఎవరి గురించో నేను రాసిన మాట తిరిగి తిరిగి నా ఒళ్లో పడింది. ఆ బీడీల తల్లి ఆ మాట ఎప్పుడూ చదివి ఉండదు. నేను చదివాను.

మేడం ఆ ట్రైనింగ్ అమ్మాయిని పిలిపించింది. మద్దూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, పద్దెనిమిదో పంతొమ్మిదో. భయపడుతూనే అన్నీ చెప్పింది. సారు బీరువాలోంచి మోడల్ ఇచ్చాడు, పేరు మార్చి రాయమన్నాడు. రిజిస్టరులో ఇంతమంది ఉండగా మా బాబు పేరే ఎందుకు పెట్టావని అడిగాను.

"రెండక్షరాల పేరక్కా. రెండు కాపీలు రాయాలె కదా, పేరు శానసార్లు వస్తది. చెయ్యి నొయ్యకుంట ఉంటదని."

ఆమెను కొట్టాలనిపించలేదు. ఆమె మధ్యవేలి మీద పెన్ను రాసుకుపోయి కాయ కాసింది. నాకూ అదే చోట ఉండేది.

మేడంకు జడ చూపించాను, చూస్తుంది చూపించాను, ఇది నేను రాసిందేనని కూడా చెప్పాను. ఆమె నమ్మింది. కానీ ఆ పుస్తకం మీద లెక్చరరు సంతకం ఉంది, కాలేజీ ముద్ర ఉంది. అది పిల్లవాడి ఫైల్లోకి ఎక్కింది, రేపు బడి మారినా వెంట పోతుంది. "నోటి మాట మీద నేనెట్ల తీసేద్దునమ్మా? ఆ సారుతోని ఇది తప్పని రాపిచ్చుకరా. అదే నిమిషం చింపేస్త. క్లాసుల కూడా నేనే పోయి చెప్త" అంది.

ఆ సాయంత్రమే సారు ఇంటికి వెళ్లాను. మనిషి చిక్కిపోయాడు గానీ వేలు అలాగే నీలంగా ఉంది. నన్ను గుర్తుపట్టాడు. మోడల్ రికార్డు బిడ్డవు కదా, అన్నాడు. ఆయన భార్య చాయ్ తెచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంతా విని, ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆ పిల్ల చేత్తోనే రాసిందా, జిరాక్సు తీసిందా?"

"చేత్తోనే రాసింది సార్."

"మరింకేంది?"

ఆ మాట ఎగతాళిగా అనలేదు. ఆయనకు నిజంగా అర్థం కాలేదు. అదే నాకు ఎక్కువ అసహ్యం పుట్టించింది. దొంగ అయితే ఏదో ఒక మూల సిగ్గుపడతాడు. ఈయనకు సిగ్గుపడాల్సిన చోటు ఎక్కడుందో కూడా తెలియదు. ముప్పై ఏళ్లుగా టీచర్లను తయారు చేసి బడులకు పంపుతున్న మనిషి. పిల్లవాడంటే ఆయనకు రిజిస్టరులో ఒక పేరు, రికార్డులో ఒక ఖాళీ.

నా మొహం చూసి ఆయనకు జాలి కలిగినట్టుంది. "బాధపడకు. పేరు మార్పిస్త. రేపే ఆ పిల్లతోని మళ్ల రాపిస్త. ఏం పేరు పెడుదాం చెప్పు" అన్నాడు.

బడిలో రంగు పెన్సిళ్ల డబ్బా పోయిందని ఏడ్చిన పిల్ల పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే మింగాను. మింగినందుకు నాకేమీ మెచ్చుకోలు అక్కర్లేదు, రావడమే చాలు నేనెవరి శిష్యురాలినో చెప్పడానికి. పేరు మార్చొద్దని, ఇది తప్పని బడికి ఒక ఉత్తరం రాసివ్వమని అడిగాను.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. ఒప్పుకోవడానికి కాదు ఆ ఇబ్బంది.

"నాకు ఉత్తరాలు రాసుడు రాదు బిడ్డా. నువ్వైతే మంచిగ రాస్తవు. నువ్వు రాసియ్యి, నేను చూసి రాసిస్త."

కాగితం ఇచ్చాడు. వరండాలో కూర్చున్నాను. ముందు మర్యాదగా మొదలుపెట్టాను, పొరపాటున జరిగిందని, మన్నించాలని. మూడు వాక్యాలయ్యాక చెయ్యి ఆగింది. ఈయన దీన్ని చదవడు అని తట్టింది. ఆ కాగితం ఉండచుట్టి ఇంకోటి తీసుకున్నాను. ఇలా రాశాను.

"నేను పిల్లల్ని చూడకుండానే వాళ్ల గురించి రాయించాను. పన్నెండేళ్ల కింద ఒక విద్యార్థిని ఒక పాప గురించి రాసినదాన్ని, ఏటా పేరు మార్పించి ఎందరిచేతనో రాయించాను. వాటిలో ఒక్కటీ నేను చదవలేదు. చదవకుండానే సంతకాలు పెట్టాను. ఈ బాబు గురించి రాసినదాంట్లో ఒక్క మాటా నిజం కాదు. ఇతను ఎవరి వస్తువూ తీయలేదు. పిల్లల మీద మచ్చ వేసే పనిని చదువని నేర్పాను. తప్పు నాది."

ఆయన కాగితం తీసుకుని, టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, స్కేలు పెట్టి మార్జిన్ కొట్టాడు. నా కాగితం ఎడమవైపు పెట్టుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు. ఎంత అందమైన రాత ఆయనది. అక్షరం అక్షరం గుండ్రంగా దిగుతోంది. నేను పక్కనే నిలబడి ఒక్కో మాటా ఆయన వెంటే చదువుతున్నాను. "వాటిలో ఒక్కటీ నేను చదవలేదు" దగ్గరికి వచ్చాడు. సగంలో ఆగాడు. అయిపోయింది, చూశాడు, కాగితం చింపి నా మొహాన కొడతాడు అనుకున్నాను. పెన్నులో ఇంకు అయిపోయింది. సీసా తెప్పించి, నింపుకుని, తుడుచుకుని, "చదవలేదు" అని పూర్తి చేశాడు.

చివరి మాట కింద ఎర్ర ఇంకుతో ఒక గీత గీశాడు. రికార్డుల్లో ముఖ్యమైన మాట కింద అలాగే గీయమనేవాడు. సంతకం పెట్టి, బ్యాగులోంచి కాలేజీ ముద్ర తీసి కొట్టాడు. తర్వాత నా కాగితం, తన కాగితం పక్కపక్కన పెట్టి, రెండు చేతుల చూపుడువేళ్లతో ఒక్కో మాటా సరిపోల్చుకుంటూ చివరిదాకా వెళ్లాడు. ఏమైనా పోయిందేమోనని.

"ఒక్క అక్షరం పోలేదు, చూస్కో" అన్నాడు తృప్తిగా.

మర్నాడు పొద్దున్నే పెద్ద మేడంకు ఆ ఉత్తరం ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. సగంలో కుర్చీలో కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి చదివింది. క్లాసు టీచరును పిలిచి ఆమెకూ ఇచ్చింది. ఆ టీచరు చదివి నా వైపు చూడలేక కిటికీ వైపు చూసింది.

"ఇరవై ఏండ్ల నౌకరిల ఇసుంటి మనిషిని నేను చూడలేదమ్మా" అంది మేడం. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గింత పెద్ద సారు, తప్పు నాది అని సొంత చేత్తోని రాసి గీత కొట్టి ఇచ్చిండు. ఎంత నిజాయితీ ఉండాలె. మేం గూడ ఇట్ల రాయలేం."

ఆ మాటలు నావని ఒక్క ముక్క చెప్తే, అది ఒక తల్లి రాసుకొచ్చి సంతకం పెట్టించుకున్న కాగితం అవుతుంది. దాన్ని చూసి ఎవరూ దేన్నీ చింపరు.

"నువ్వు ఆయన దగ్గర్నే చదివినవట కదా. ఇసుంటి గురువు దొరకాలంటే అదృష్టం ఉండాలె."

మా బాబు పేరున్న ఆ పుస్తకం ఇంకా ఆమె ఎడమచేతిలోనే ఉంది.

"అవును మేడం" అన్నాను.